అరుపులమ్మే అంగడి

నాకు అనుమానం జాస్తి. పుచ్చకాయ కొనేటప్పుడు అంగడతను చిన్న ముక్క కోసి ఎర్రగా చూపిస్తే, ఆ ముక్క ఈ కాయలోదేనా అని తొంగి చూస్తాను. ఆటో అతను దగ్గర దారి అన్నాడంటే చుట్టుదారి పట్టించబోతున్నాడని లెక్క. ముప్పై ఏళ్ళుగా జమ్మలమడుగులో తెలుగు టీచరుగా ఉండి, కడుపునొప్పి అని సెలవుచీటీ తెచ్చే పిల్లల మొహాలు చూసి చూసి ఇట్లా తయారయ్యానని తోటి టీచర్లు అంటారు. అదేం కాదు. మా అమ్మా ఇంతే. చర్చిలో కొత్త మనిషి ఎవరైనా పక్కన కూర్చొని కళ్ళు మూసుకొని ప్రార్థన చేస్తుంటే, మా అమ్మ ఒక కన్ను తెరిచి ఆ మనిషిని చూసేది.

ఒక ఆదివారం చర్చి విడిచాక మా తమ్ముడు ఇంటికొచ్చాడు. అన్నం తిని, చెయ్యి కడుక్కుంటూ మెల్లగా ఒక మాట చెప్పాడు. వేరేవాళ్ళైతే నవ్వేవాళ్ళేమో, నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎవరో వీణ్ణి బుట్టలో వేసుకున్నారని అప్పుడే అనుకున్నాను.

"అక్కా, ఉద్యోగం ఇడిసిపెడదామనుకుంటాండా."

"ఇడిసిపెట్టి?"

"ప్రొద్దుటూర్లో ఇద్దరుండారు. అరుపులు అమ్ముతారు. వాళ్ళతో చేరతా."

"ఏం అమ్ముతారూ?"

"అరుపులక్కా."

వాడు చెప్పింది ఇది. అరటి తోటల్లో, చీనీ తోటల్లో, అదే బత్తాయి తోటల్లో, పగలు కోతుల బాధ, పొద్దుగూకితే అడవిపందుల బాధ. పూర్వం మనుషుల్ని పెట్టి అరిపించేవాళ్ళు, రేకు డబ్బాలు కొట్టించేవాళ్ళు. ఇప్పుడు తోటలో కూర్చొని రోజంతా అరిచే మనిషి ఎక్కడ దొరుకుతాడు? అందుకని ప్రొద్దుటూరులో ఇద్దరు ఒక పెట్టె తయారుచేశారు. ఒక గొట్టం మైకు, ఒక బ్యాటరీ, నెత్తిన సోలార్ పలక. లోపల రకరకాల గొంతులు. ఉండుండి పెట్టె అరుస్తుంది, కోతులు పారిపోతాయి. ఆ ఇద్దరిలో ఒకాయన మా తమ్ముడి బస్సెక్కాడట. రద్దీలో విసిగిపోయిన జనాన్ని నవ్వించడానికి వీడు మేకలా, కుక్కపిల్లలా, బేరమాడే ముసలమ్మలా గొంతులు మార్చడం విని, దిగేచోట దిగకుండా చివరి స్టాపు దాకా కూర్చున్నాడట.

మా తమ్ముడు పులివెందుల డిపోలో కండక్టరు. వయసు యాభై దాటింది, ఇంకా పదేళ్ళ సర్వీసు ఉంది. ఆ పదేళ్ళు వదులుకొని కోతుల మీద అరుస్తానంటున్నాడు.

"నీకేమన్నా తిక్కా?" అన్నాను.

"నువ్వు సరే అంటేనే ఇడిసిపెడతా. వద్దంటే లేదు."

"వద్దు."

వాడు తలూపి చెప్పులేసుకొని వెళ్ళిపోయాడు. అంత తేలిగ్గా ఒప్పుకున్నాడంటే అందులోనూ ఏదో ఉందనిపించింది.

ఆ ఉద్యోగం ఎట్లా వచ్చిందో చెప్పాలి. మా నాన్న అదే డిపోలో డ్రైవరు. సర్వీసులో ఉండగానే, ఒక పొద్దున డ్యూటీకి పోవడానికి చొక్కా గుండీలు పెట్టుకుంటూ కుప్పకూలిపోయాడు. ఇంట్లో ఒకరికి ఉద్యోగం ఇస్తారన్నారు. నాకు అప్పుడు ఇరవై నాలుగు, డిగ్రీ అయిపోయి పంచలో పిల్లలకు ట్యూషన్లు చెబుతున్నాను. తమ్ముడికి ఇరవై ఒకటి, ఇంటర్ తప్పి తిరుగుతున్నాడు. ఆడవాళ్ళను కూడా కండక్టర్లుగా తీసుకోవడం మొదలైందని, పెద్దపిల్ల చదువుకుంది కాబట్టి ఆమె పేరే రాయొచ్చని డిపో క్లర్కు మా అమ్మతో అన్నాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. అప్పుడే నన్ను నేను బస్సులో చూసుకున్నాను. భుజాన తోలుసంచి, చేతిలో టికెట్ల కట్ట, మెడలో విజిల్. నేను ఊదితే తప్ప అంత పెద్ద బస్సు కదలదు. అంతకు ముందుగానీ ఆ తరువాతగానీ నేను దేన్నీ అంతగా కోరుకోలేదు.

మా అమ్మ క్లర్కుతో, "ఆడపిల్ల పెండ్లయి పోతాది. వాడు యాడికి పోతాడు సార్, వానికే రాయండి," అంది. నాకు అభ్యంతరం లేదని ఒక కాగితం మీద సంతకం పెట్టమన్నారు. చదవకుండానే పెట్టాను. ఆ పెళ్ళి ఏదో ఒక కారణంతో ఆగుతూ ఆగుతూ, చివరికి నేనే వద్దనుకున్నాను. ఒక ప్రైవేటు బడిలో టీచరుగా చేరి అక్కడే ఉండిపోయాను. నాకు ఆ ఉద్యోగం కావాలని ఉండేదన్న సంగతి తమ్ముడితో ఎన్నడూ అనలేదు. అనకపోవడం నా గొప్పతనం అనుకుంటూ ఇన్నేళ్ళు గడిపాను.

ఇక వాడి గొంతుల సంగతి. చిన్నప్పటి నుంచీ అదే ఆట. చర్చిలో క్రిస్మస్ నాటకం వేస్తే తెర వెనక గొర్రెలు, గాడిద, ఒంటె అన్నీ వాడే. ఒంటె ఎట్లా అరుస్తుందో మా ఊళ్ళో ఎవరికీ తెలియదు కాబట్టి వాడు ఎట్లా అరిస్తే అదే ఒంటె. ఒకసారి ప్రసంగం మధ్యలో వెనక బెంచీ నుంచి అచ్చం అయ్యగారి గొంతుతోనే ఆమెన్ అన్నాడు. అయ్యగారు ప్రసంగం తానే ముగించేశానేమోనని తడబడి పుస్తకం మూసేశారు. ఆ రోజు మా అమ్మ చేతిలో వాడి వీపు విమానం మోత మోగింది. ఆటగా బాగానే ఉండేది. ఆటను బతుకుతెరువు చేసుకుంటానంటేనే నాకు భయం.

భయపడటానికి కారణముంది. మా వీధిలో ఒకాయన బంగారంలాంటి ఉద్యోగం మానేసి ఈము పక్షులు పెంచాడు. ఆ పక్షుల్ని అంటగట్టినవాళ్ళు కూడా ఇట్లాగే తియ్యగా మాట్లాడారు. కొన్నాళ్ళకు వాళ్ళు మాయమయ్యారు, పక్షులు మిగిలాయి. పొడుగు మెడలు చాచి గోడ మీదుగా వీధిలోకి చూసేవి. ఆయన మాత్రం వీధిలో ఎవరి మొహమూ చూడలేకపోయాడు.

వద్దని చెప్పినా నాకు నిద్ర పట్టలేదు. వాళ్ళెవరో నా కళ్ళతో చూడాలనుకున్నాను. బడికి పంటినొప్పి అని చీటీ రాసిచ్చాను. హెడ్‌మాస్టరు నా మొహంలోకి ఒక క్షణం ఎక్కువగా చూసినట్టనిపించింది. తమ్ముడికి చెప్పకుండా ప్రొద్దుటూరు బస్సెక్కాను.

తమ్ముడు మాటల్లో చెప్పిన గుర్తుల ప్రకారం బంగారు అంగళ్ళ వీధి దాటాను. ఒక బట్టల కొట్టు మీద మేడగది. మెట్లు ఇరుకు. కింద బోర్డు లేదు. బోర్డు లేని వ్యాపారం ఎవరు చేస్తారో నాకు తెలుసులే అనుకుంటూ ఎక్కాను. లోపల గోడలకు పాత పరుపులు మేకులతో కొట్టారు. మధ్యలో ఒక మైకు, పక్కన ఏదో మిషను, దాని మీద చిన్న ఎర్ర దీపం వెలుగుతోంది. నలభై దాటిన మనిషి ఒకడు నేల మీద కూర్చొని పెట్టెకు తీగలు బిగిస్తున్నాడు. బంగారు అంగడి వాళ్ళ బిడ్డనని తానే చెప్పుకున్నాడు. వేళ్ళకు ఒక్క ఉంగరం లేదు. బంగారు అంగడి బిడ్డ చేతికి ఉంగరం లేదంటే ఏదో జరిగే ఉంటుంది. మిషను ముందర ఒక తురకల ఆడమనిషి, ముప్పై ఐదేళ్ళుంటాయి, చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకొని కూర్చుంది. పెళ్ళిళ్ళకు, ఉరుసులకు మైకుసెట్లు బాడుగకిచ్చే ఇల్లు వాళ్ళది.

నేను ఎవరో చెప్పలేదు. "చక్రాయపేట పక్కన మాకు అరటి తోట ఉండాది. పెట్టె చూద్దామని వచ్చినా," అన్నాను.

"రాండమ్మా, కూసోండి. ఏ రకం అరటి?" అన్నాడు అతను.

"తినే రకం."

అతను ఆమె వైపు చూశాడు. ఆమె హెడ్‌ఫోన్ ఒక చెవి మీద నుంచి జరిపి, "చాయ్ తాగుతారా?" అంది. నా అబద్ధం నా నోట్లో ఉండగానే పట్టుబడిందని నాకు అర్థమైంది. అయినా బింకంగా కూర్చున్నాను.

అతను చెప్పుకుపోయాడు. చిన్నప్పుడు వాళ్ళ నాయన అంగడిలో కూర్చోబెడితే పొద్దు పోయేది కాదట. కిటికీ కింద పోయే మజ్జిగ ఆమెను, పాత ఇనుము అతన్ని, చీపుర్ల ముసలామెను వింటూ, వాళ్ళ కేకల్ని టేపు రికార్డరులో పట్టుకునేవాడట. ఊరికే, సరదాకి. ఊళ్ళో ఏ వీధి కేక ఏ వీధిదో కళ్ళు మూసుకొని చెప్పగలనన్నాడు. తరువాత ఒక పులివెందుల రైతు వాళ్ళ అంగడికొచ్చి, కోతులతో వేగలేక పోతున్నా, నీ కేకలేవో నాకియ్యప్పా అని ఎగతాళి చేశాడట. ఎగతాళిగా అన్న మాటను ఇతను నిజంగానే పట్టుకున్నాడు.

"మొదుట్లో శానా పెద్ద తప్పు చేసినామమ్మా," అన్నాడు నవ్వుతూ. "గొంతు బాగుండల్లని, కోస్తా నుంచి ప్రకటనలు చదివే ఒగాయన్ని పిలిపిచ్చినాం. ఆయన అరిసినాడు. 'వెళ్ళండీ, వెళ్ళండీ ఇక్కణ్ణుంచి' అని. పెట్టె తీస్కపొయ్యి తోటలో పెడితిమి. కోతులు అట్లే కూసున్నాయి. కూలోళ్ళు మాత్రం ఎవురో సారు తోట చూడనీకి వచ్చినాడని పనిడిసి లేచి నిలబడిరి. ఒగామె పొయ్యి గేటు కూడా తీసింది."

మిషను దగ్గరి ఆమె పడి పడి నవ్వింది. నాకూ నవ్వొచ్చింది కానీ ఆపుకున్నాను. నవ్వించి బుట్టలో వేసుకోవడం వీళ్ళ పద్ధతేమోనని జాగ్రత్తపడ్డాను.

"దినామూ అదే అరుపు అరిస్తే కోతికి తెలీదా?" అన్నాను.

అతని మొహం వెలిగిపోయింది. "అదీ మాట! అదేనమ్మా మా ఇబ్బంది. ఒగటే గొంతైతే రెండు దినాలు బెదురుతాది. మూడో దినం కోతి పెట్టె మీదనే కూసోని పండు తింటాది. దానికే వారం వారం గొంతులు మారుస్తాం. గొంతులు యాడ దొరకల్ల? అప్పుడు దొరికినాడు ఒగాయన, కండక్టరు. ఆయన ఒగ మనిషి గాదు, ఒగ తిరునాళ్ళ. ఆయన మాతో పూర్తిగా వస్తే సరి, రాకపోతే ఈ అంగడి మూసుకోవల్ల."

అదీ సంగతి. వీళ్ళ అంగడి మొత్తం మా తమ్ముడి గొంతు మీద నిలబడి ఉంది. వాడి గొంతు బొంగురుపోతే అంగడీ పోతుంది, ఉద్యోగమూ పోయి ఉంటుంది. ఒక్క జలుబు చాలు. ఇంకా ఏమేం దాస్తున్నారో చూద్దామని, గొంతులు వినిపించమన్నాను.

అతను బల్ల సొరుగు లాగాడు. ఉంగరాలు పెట్టే చిన్న ఎర్ర డబ్బాలు వరసగా ఉన్నాయి. ఒక్కో డబ్బాలో ఉంగరానికి బదులు మెత్త మీద ఒక మెమరీ కార్డు. మూతల మీద చీటీలు అతికించారు. మూడు కుక్కలు, టైరు పేలింది, ముసలామె, పాత ఇనుము. ఒక్కొక్కటే వినిపించారు. మూడు కుక్కలూ మా తమ్ముడే. ముసలామె మా ఎదురింటి ముసలామె, చచ్చిపోయి ఎన్నో ఏళ్ళయింది. ఆమె వాకిట్లో కాలు పెట్టి తిట్లు తిన్నట్టు నా కాలు వెనక్కి లాక్కున్నాను. తరువాత ఆమె ఇంకో కార్డు పెట్టింది. మూత మీద డ్రైవరు అని ఉంది.

"ఏయ్! తొలగండి! బండొస్తాండాది, కనపళ్ళా?"

మా నాన్న. బస్సు కిటికీలోంచి సగం బయటికి వంగి, రోడ్డుకు అడ్డంగా పోయే మేకల మంద మీద అరిచే అరుపు. చివర్లో గొంతు పగిలి ఒక చిన్న దగ్గు. ఆ దగ్గు కూడా ఉంది. నేను ముందు సీట్లో కూర్చొని ఎన్నిసార్లో విన్న గొంతు. ముప్పై ఏళ్ళ నుంచి ఈ భూమి మీద లేని గొంతు.

లేచి నిలబడ్డాను.

"ఆపు! ఆపుతావా లేదా? మా నాయన గొంతును కోతులకు అమ్ముకుంటాండారా మీరు? సిగ్గుండల్ల! వాడు అమాయకుడని గొంతులో ఉండేదంతా తోడుకుంటాండారు. ఆ ఉద్యోగం ఎవురిదనుకున్యారు? నాది! నాకు రావల్సింది! నేను సంతకం పెట్టి వానికిచ్చినా. మీ డబ్బాల్లో మొరగనీకి గాదు ఇచ్చింది! నా బతుకు ఇచ్చినా! ఇడిసిపెట్టండి వాణ్ణి! పో! పో యాడికన్నా! పో!"

వాళ్ళ అంగడిలో నిలబడి వాళ్ళనే పొమ్మన్నాను. ఆ మధ్య మాటలు నా నోట్లోంచి వస్తాయని నాకే తెలియదు. బంగారు అంగడి మనిషి తీగ చేతిలో పట్టుకొని అట్లాగే కూర్చున్నాడు. ఆమె కదల్లేదు, చెయ్యి మిషను మీదే ఉంది.

"మీరు ఆయన అక్కగారా?" అన్నాడు అతను చిన్నగా.

మెట్లు దిగాను. చాయ్ తాగకుండానే వచ్చేశాను. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. నాన్న కోసం అరిచానో, నా కోసం అరిచానో నాకు తేలలేదు.

తరువాత నాలుగు ఆదివారాలు తమ్ముడు రాలేదు. ఫోను చేస్తే, డ్యూటీ ఉందక్కా అని పెట్టేశాడు. వాళ్ళు చెప్పే ఉంటారు. లేకపోతే నాకు తెలియకుండా ఉద్యోగం వదిలేసి ఉంటాడు. రెండో అనుమానమే బలపడింది. డిపోకు ఫోను చేసి, మీ కండక్టరు డ్యూటీకి వస్తున్నాడా అని అడుగుదామని రెండుసార్లు నంబరు నొక్కి, సిగ్గేసి ఆపేశాను. అయిదో వారం వాడే ఫోను చేశాడు.

"అక్కా, శనివారం పులివెందులకు రా. ఒగ తోట చూపిస్తా. చూసినాక నువ్వేం చెప్తే అది."

వెళ్ళాను. బస్టాండులో నా కోసం నిలబడి ఉన్నాడు. ఒంటి మీద ఖాకీ లేదు, నీలం గళ్ళ చొక్కా.

"యూనిఫారం ఏదిరా?"

"ఈ పొద్దు ఆఫ్ అక్కా."

"కార్డు చూపీ."

వాడు నవ్వకుండా జేబులోంచి గుర్తింపు కార్డు తీసి ఇచ్చాడు. ముందూ వెనకా చూసి తిరిగిచ్చాను. ఉద్యోగం ఉంది. కొంచెం ఊపిరాడింది. షేరాటోలో ఊరి బయటి తోటకు పోయాం. ఏ ఊరు దాటినా ఒక కథ చెప్పే మనిషి నోరు మూసుకొని కూర్చోవడం నాకు నచ్చలేదు.

తోట ఒక పెద్దామెది. ముందర అరటి, వెనక చీనీ. కొంగు నడుముకు చుట్టి బోరు దగ్గర నిలబడి నీళ్ళు మళ్ళించుకుంటోంది. నలుగురు ఆడకూలీలు అరటి గెలలకు ఎండుటాకులు కప్పుతున్నారు. మా తమ్ముడు నన్ను అక్క అని మాత్రం చెప్పాడు. గట్టు మీద కర్రకు కట్టిన పెట్టెను చూపించాడు. నేను దాని చుట్టూ తిరిగాను. వెనక ఎవరైనా దాక్కున్నారేమోనని చీనీ చెట్ల కింద కూడా వంగి చూశాను.

"ఏమ్మా, ఏమన్నా పోగొట్టుకున్యావా?" అంది తోట ఆమె.

"ఏం లేదులే. ఇది ఎప్పుడెప్పుడు అరుస్తాది?"

"ఎప్పుడు అరుస్తాదో దానికే తెలీదు. పది నిమిషాలకు అరిసినా అరుస్తాది, అరగంటకు అరిసినా అరుస్తాది. దానికే కోతులకు లెక్క దొరకదు."

కోతులు వచ్చాయి. ఎనిమిదో తొమ్మిదో, కంచె మీదుగా దిగి చీనీ చెట్లెక్కాయి. ఇవి పెంపుడు కోతులేమో, ముందే శనక్కాయలు వేసి అలవాటు చేశారేమో అని వాటి మొహాల్లోకి చూశాను. ఒకటి నన్ను చూసి పళ్ళు ఇకిలించింది. పెట్టె మూడు కుక్కలై మొరిగింది. కోతులు తలెత్తి చూసి మళ్ళీ కాయలు కోసుకున్నాయి. కొంతసేపటికి టైరు పేలింది. ఎగిరి పక్క చెట్టుకు దూకాయి. తరువాత మా నాన్న అరిచాడు, తొలగండి, బండొస్తాండాది అని. ఈసారి నేను సిద్ధంగా ఉన్నాను. కోతులు కంచె దాకా పోయి ఆగాయి. అందులో ఒక పెద్ద గండుకోతి మాత్రం చెట్టు దిగనే లేదు.

తరువాత పెట్టె నా గొంతుతో అరిచింది.

"ఆపు! ఆపుతావా లేదా? సిగ్గుండల్ల! పో! పో యాడికన్నా! పో!"

గండుకోతి చేతిలో కాయ పారేసి, చెట్టు మీద నుంచి కంచె మీదికి, కంచె మీద నుంచి అవతలి బీడు నేలలోకి ఒకటే పరుగు. దాని వెనకే అన్నీ. కూలీలు నవ్వుతూ చప్పట్లు కొట్టారు.

"వచ్చింది మా టీచరమ్మ!" అంది ఒకామె, పెట్టెలోని గొంతుకు తామే పెట్టుకున్న పేరుతో. "ఈమె ఒగతి చాలు. నాలుగు వారాలైనా ఇంగా బెదురుతాండాయి. ఎవురో గాని కడుపులో నుంచి అరిసింది."

"ఎవురు పెట్టినారిది?" అన్నాను నేను. కోపంలో అన్నాను.

ఆమె చప్పట్లు ఆగిపోయాయి. నా నోటి వైపు చూసింది, పెట్టె వైపు చూసింది, మళ్ళీ నా వైపు చూసింది. మిగిలిన ముగ్గురూ ఆకుల చాటుకు పోయి నోట్లో కొంగు కుక్కుకున్నారు. ప్రొద్దుటూరులో మిషను మీద వెలిగిన ఎర్ర దీపం కరెంటు దీపం కాదని, ఆ రోజు అది నా అరుపును రికార్డు చేస్తోందని అప్పుడు అర్థమైంది. చెప్పకుండా నా గొంతును పట్టుకున్నారు, కోసుకున్నారు, అమ్ముకున్నారు. నేను అనుమానించింది అక్షరాలా నిజమైంది. ఆ మాట తమ్ముడితో అందామని తిరిగాను. వాడు తల వంచుకొని నిలబడి ఉన్నాడు. అప్పుడు ఇంకొకటి తట్టింది. పెట్టెలో మధ్య మాటలు లేవు.

"మిగతాది యాడుండాది?" అన్నాను.

"నా ఫోన్లో ఉండాదిలేక్కా. ఆ మధ్యలోది కోసింది నేనే. వాళ్ళు ఈ గొంతును పెట్టెలో పెట్టమని నన్నడగలా, నేనే పెట్టినా. నాకన్నా బాగా అరిసినావు."

చీనీ చెట్టు నీడలో కూర్చున్నాం. తోట ఆమె ఏదో పని ఉన్నట్టు కూలీలను తీసుకొని దూరంగా పోయింది. ముప్పై ఏళ్ళు కడుపులో దాచుకున్న మాట ఎవరో మైకుసెట్టు ఆమె మిషను ద్వారా వీడికి చేరింది. నాకు ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు.

"నీకు తెలియకూడదనుకున్నాన్రా," అన్నాను.

"నాకు తెలుసక్కా. సంతకం పెట్టిన దినం నువ్వు కలం మూత కూడా పెట్టకుండా లేచి బయటికి పోయినావు. ఆ మూత పెట్టింది నేనే. ఆ పొద్దే తెలిసింది."

"మరి ఎందుకు చెప్పలా?"

"చెప్తే ఏమైతాది? నీ ఉద్యోగం నా మెడలో పడింది. సరిగ్గా చెయ్యల్ల అనుకున్యా. ఒగ్గ దినం లేటుగా పోలే. ఒగ్గ మెమో లేదు. బస్సులో ఎవుర్నన్నా ఒగ మాట అనల్లంటే అక్క ఐతే అంటాదా అనుకునేటోణ్ణి."

వాడు చొక్కా జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు. రాజీనామా. మూడు వారాల కిందటే రాసుకున్నాడట. నా చేతిలో పెట్టాడు. ఈసారి చదివాను. అక్షరం అక్షరం చదివాను. కింద వాడి సంతకం ఇంకా పెట్టలేదు.

"నువ్వు వద్దంటే చింపేస్తా. నిజంగానే చింపేస్తా," అన్నాడు. "కానీ ఇన్నేండ్లు నీ ఉద్యోగమే చేసినా గదక్కా. ఇంగ నా పని నన్ను చేసుకోనీ."

ఈ పెట్టెల మీద నాకు అప్పుడూ నమ్మకం లేదు, ఇప్పుడూ లేదు. ఒక మిషను పుట్టి రేపు వెయ్యి గొంతులు అదే అరవొచ్చు. కోతులు నా గొంతుకు కూడా అలవాటు పడొచ్చు. పదేళ్ళు ఓపిక పట్టు, రిటైరయ్యాక అరుచుకుందువులే అని చెబుదామనుకున్నాను. మంచి మాట అది, ఎవరడిగినా అదే చెబుతాను. చెప్పడానికి నోరు తెరిచాను.

గట్టు మీద పెట్టె అరిచింది.

"పో! పో యాడికన్నా! పో!"

తోటలో ఒక్క కోతి కూడా లేదు. వాడు పెట్టె వైపు చూశాడు, నా వైపు చూశాడు. కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. "విన్నావా? నువ్వే పొమ్మంటాండావు," అన్నాడు. నా ఒళ్ళో ఉన్న సంచిలోంచి నా కలమే తీసుకొని, మోకాలి మీద కాగితం పెట్టి సంతకం చేశాడు.

ఆ మాట నేను వాడితో అనలేదు. ప్రొద్దుటూరులో వేరే మనిషితో, వేరే కోపంలో అన్నాను. అది నీకు కాదురా అని ఒక్క మాటతో సరిచేసి ఉండొచ్చు. ముప్పై ఏళ్ళుగా పిల్లలు రాసిన తప్పు ఒక్కటి కూడా దిద్దకుండా వదిలిపెట్టని దాన్ని. ఆ ఒక్కటీ దిద్దలేదు. వాడు కలం తిరిగి నా చేతికిచ్చాడు. మూత నేనే పెట్టాను.